గుండెకు రక్తం తగ్గితే వచ్చే జబ్బు

ఒళ్లంతటికీ రక్తాన్ని పంపే గుండె, తన కండరానికి కావలసిన రక్తం కోసం మాత్రం కొన్ని సన్నని ధమనుల మీదే ఆధారపడుతుంది. కరోనరీ ధమనులనే ఈ నాళాలు పూడుకుపోయినా, బిగుసుకుపోయినా గుండె కండరానికి అవసరమైనంత రక్తం అందదు. అలా వచ్చే జబ్బే ఇస్కీమిక్ హార్ట్ డిసీజ్. కరోనరీ ఆర్టరీ డిసీజ్ అనీ, వాడుకలో గుండె రక్తనాళాల్లో పూడికలనీ అంటారు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసే యాంజైనా, ఉన్నట్టుండి వచ్చే గుండెపోటు, కండరం బలహీనపడి క్రమంగా వచ్చే గుండె వైఫల్యం, ఏ హెచ్చరికా లేకుండా జరిగే ఆకస్మిక మరణం... ఇవన్నీ దీని రూపాలే.

ప్రపంచంలో ఎక్కువ మంది ప్రాణాలు తీస్తున్న జబ్బు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో దీనివల్ల 91 లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది మొత్తం మరణాల్లో ఇది 13 శాతం. 2000 సంవత్సరంతో పోలిస్తే 27 లక్షలు ఎక్కువ. భారతదేశంలోనూ మరణ కారణాల్లో మొదటి స్థానం దీనిదే.

ఈ జబ్బు నడిచే కాలాలు రెండు. పూడిక పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. పూర్తిగా మూసుకుపోయిన నాళం వెనక కండరం చావడానికి మాత్రం కొన్ని గంటలు చాలు. మొదటి కాలంలో జబ్బును ఆపడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. రెండో కాలంలో ప్రతి నిమిషానికీ విలువ ఉంటుంది. గత రెండున్నర శతాబ్దాల్లో వైద్యశాస్త్రం సాధించిన విజయాలూ, ఇప్పటికీ జరుగుతున్న నష్టాలూ ఈ రెండు కాలాల దగ్గరే ఉన్నాయి.

గుండెకు రక్తం అందే తీరు

పిడికిలంత ఉండే గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. అందులో సుమారు 5 శాతం తన కండరానికే వెళుతుంది. గుండె నుంచి బృహద్ధమని బయలుదేరిన చోట, కవాటానికి కాస్త పైన, కుడి ఎడమ కరోనరీ ధమనులు మొదలవుతాయి. ఎడమ ధమని కొద్ది దూరంలోనే రెండుగా చీలుతుంది. ముందువైపు కిందికి దిగేది ఎల్‌ఏడీ, పక్కగా వెనక్కి తిరిగేది సర్కమ్‌ఫ్లెక్స్. యాంజియోగ్రామ్ రిపోర్టుల్లో కనిపించే ఎల్‌ఏడీ, ఎల్‌సీఎక్స్, ఆర్‌సీఏ అనే మూడు పేర్లు ఈ రెండు కొమ్మలవీ, కుడి ధమనివీ. శరీరానికి రక్తాన్ని నెట్టే ఎడమ జఠరిక ముందు గోడకూ, రెండు జఠరికల నడిమి గోడలో ఎక్కువ భాగానికీ ఎల్‌ఏడీయే రక్తం ఇస్తుంది. అందుకే అది మొదట్లోనే మూసుకుపోతే గుండెకు పెద్ద దెబ్బ తగులుతుంది.

మిగతా అవయవాలకు లేని ఇబ్బందులు రెండు గుండెకున్నాయి. మొదటిది, ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు దాని గోడలోని నాళాలు నొక్కుకుపోతాయి. కాబట్టి ఆ కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె వదులైన క్షణాల్లోనే. గుండె వేగం పెరిగితే ఆ క్షణాలు కుదించుకుపోతాయి. రెండోది, శరీరం మొత్తం మీద కణజాలం రక్తంలోని ఆక్సిజన్‌లో పావు వంతే వాడుకుంటుంటే, గుండె కండరం విశ్రాంతిలోనే 70 శాతానికి పైగా పీల్చేసుకుంటుంది. పని పెరిగినప్పుడు అదనంగా తీసుకోవడానికి పెద్దగా మిగలదు. రక్తప్రవాహం పెరగడం ఒక్కటే దారి. నాళం ఇరుకైతే ఆ దారి మూసుకుపోతుంది.

కండరం ముడుచుకోవడానికి కావలసిన శక్తి ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుంది. 1929లో దాన్ని కండరంలో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఈ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. అంతకు రెండేళ్ల ముందే ఫిస్క్, సుబ్బారావులు కండరంలో శక్తి నిల్వగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలికితీశారు. కరోనరీ ధమని మూసుకుపోతే మొదట అడుగంటేది ఈ ఫాస్ఫోక్రియాటిన్ నిల్వే. నిమిషం గడిచేలోపే కండరం సరిగా ముడుచుకోవడం మానేస్తుంది. ఇరవై ముప్పై నిమిషాలు దాటితే కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఈ చావు గుండె గోడ లోపలి పొరలో మొదలై బయటి పొర దాకా పాకుతుంది. ఆరు గంటలయ్యేసరికి నష్టం చాలావరకు పూర్తవుతుంది. చనిపోయిన కండరం మళ్లీ పెరగదు, ఆ చోట గట్టి మచ్చ మిగులుతుంది.

పూడిక ఎలా పుడుతుంది

నీళ్ల పైపులో పాచి పట్టినట్టు ధమని లోపల కొవ్వు అతుక్కుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పూడిక పుట్టేది నాళం గోడ లోపల. ధమని లోపలి తలాన్ని ఒకే ఒక్క కణం మందాన ఉండే ఎండోథీలియం అనే పొర కప్పి ఉంచుతుంది. పొగాకు, అధిక రక్తపోటు, షుగరు ఆ పొరను దెబ్బతీస్తాయి. రక్తంలో ఎక్కువగా ఉన్న ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ దాన్ని దాటి గోడలోకి చేరుతుంది. దాన్ని తొలగించడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, కొవ్వును మింగి ఉబ్బి అక్కడే చిక్కుకుపోతాయి. చుట్టూ వాపు పుడుతుంది, పైన నారపొర అల్లుకుంటుంది, కాలం గడిచేకొద్దీ సున్నం చేరుతుంది. అథెరోస్క్లెరోసిస్ అనే ఈ ప్రక్రియ చాలా ఏళ్లపాటు ఏ నొప్పీ తెలియనివ్వదు.

ఇది వయసు మళ్లిన తర్వాత మొదలయ్యేది కాదని 1953లో ప్రపంచానికి తెలిసింది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను వైద్యులు కోసి చూశారు. వారి సగటు వయసు 22 ఏళ్లు. అయినా 77 శాతం మంది కరోనరీ ధమనుల్లో ఎంతో కొంత జబ్బు కనిపించింది. ఇది కేవలం ఆధునిక జీవితం తెచ్చిన జబ్బు అనుకోవడానికీ వీల్లేదు. ఈజిప్టు, పెరూ వంటి ప్రాంతాలకు చెందిన 137 మమ్మీలను సీటీ స్కాన్ చేసి 2013లో ప్రకటించిన ఫలితాల్లో మూడింట ఒక వంతు దేహాల్లో ధమనుల పూడికల ఆనవాళ్లున్నాయి. అలాగని మనిషికి ఇది తప్పని రాత కూడా కాదు. బొలీవియా అడవుల్లో వేట, చేపల వేట, సాగు మీద బతికే చిమానే తెగ పెద్దలను పరీక్షించినప్పుడు 85 శాతం మంది కరోనరీ ధమనుల్లో సున్నం జాడే లేదు.

నాళం 70 శాతం దాకా ఇరుకైతే శ్రమ చేసినప్పుడు నొప్పి వస్తుంది. గుండెపోటు తెచ్చే పూడిక మాత్రం అంత పెద్దదై ఉండాలన్న నియమం లేదు. నాళాన్ని సగం కూడా మూయని మెత్తటి పూడిక మీది నారపొర చిట్లితే చాలు. లోపలి కొవ్వు రక్తానికి తగలగానే ప్లేట్‌లెట్లు గుమిగూడతాయి, నిమిషాల్లో గడ్డ కట్టి నాళం మూసుకుపోతుంది. నిన్నటిదాకా ఆరోగ్యంగా తిరిగిన మనిషికి, ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందనిపించుకున్న మనిషికి కూడా గుండెపోటు రావడానికి కారణం ఇదే.

పూడిక లేకుండానూ రక్తం తగ్గవచ్చు. నాళం ఉన్నట్టుండి బిగుసుకుపోయే రకాన్ని 1959లో మైరన్ ప్రింజ్‌మెటల్ వర్ణించారు. యాంజియోగ్రామ్‌లో కనిపించనంత చిన్న నాళాలు సరిగా విప్పారకపోవడం ఆడవాళ్లలో ఎక్కువ. అరుదుగా, ముఖ్యంగా నడివయసు లోపు స్త్రీలలో, ధమని గోడ దానంతట అదే చీలుతుంది. తీవ్రమైన రక్తహీనత ఉంటే, ఉన్న పూడిక చిన్నదైనా బాధ పెరుగుతుంది.

జబ్బు రూపాలు

స్థిరమైన యాంజైనాలో నొప్పికి ఒక లెక్క ఉంటుంది. ఫలానా దూరం నడిస్తేనో, భోంచేసి మెట్లెక్కితేనో, చలిగాలిలోకి వెళితేనో ఛాతీ బిగుసుకుంటుంది, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ లెక్క తప్పి, కూర్చున్నా నొప్పి వస్తున్నా, తక్కువ శ్రమకే వస్తున్నా, ఎక్కువసేపు ఉంటున్నా అది అస్థిర యాంజైనా. గుండెపోటు వాకిట్లో ఉందని అర్థం.

గుండెపోటులో రెండు రకాలున్నాయి. నాళం పూర్తిగా మూసుకుపోయి, గుండె విద్యుత్ తరంగాలను గీసే ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచే రకాన్ని స్టెమి అంటారు. నాళం కొంత తెరిచి ఉండి, కండరం కొంత దెబ్బతినే రకం ఎన్‌స్టెమి. మొదటిదానికి క్షణం ఆలస్యం పనికిరాదు. రెండోదానికి కూడా ఆసుపత్రి తప్పదు.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కాదు. గుండెపోటులో నాళం మూసుకుంటుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. గుండె ఆగినప్పుడు విద్యుత్ లయ చెదిరి రక్తప్రసరణ నిలిచిపోతుంది, మనిషి స్పృహ తప్పి కూలిపోతాడు. గుండెపోటు వచ్చిన తొలి గంటల్లో ఈ లయ చెదిరే ప్రమాదం ఎక్కువ. ఆసుపత్రి చేరకముందే జరిగే మరణాలకు ముఖ్య కారణం అదే.

తెలుసుకుంటూ వచ్చిన దారి

శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే ఛాతీ నొప్పిని లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో వివరించి, యాంజైనా పెక్టోరిస్ అని పేరు పెట్టారు. అది కరోనరీ ధమనుల జబ్బని ఆయనకు తెలియదు. పేరుమోసిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్‌కు ఆ నొప్పి ఉండేది. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ కారణం కరోనరీ ధమనులేనని ఊహించినా, గురువు మనసు కలత పడుతుందని బయటపెట్టలేదు. 1793లో సెయింట్ జార్జ్ ఆసుపత్రి సమావేశంలో వాదన జరుగుతుండగా హంటర్ కూలిపోయి మరణించారు. శవపరీక్షలో ఆయన కరోనరీ ధమనులు గట్టిపడి కనిపించాయి.

గుండెపోటు అంటే వెంటనే చావేనని ఆ తర్వాత కూడా చాలాకాలం అనుకున్నారు. నాళం మూసుకుపోయినా మనిషి బతకగలడనీ, ఆ స్థితిని బతికుండగానే గుర్తించవచ్చనీ షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912లో చూపించారు. నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ ఐంతోవన్ రూపొందించిన ఈసీజీ యంత్రం ఆ గుర్తింపుకు సాధనమైంది. ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

నాళాల్లోకి చూసే మార్గం తెరిచినవాడు జర్మన్ యువ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో ఆయన తన చేతి సిర గుండా సన్నని గొట్టాన్ని తన గుండెదాకా పంపి, ఎక్స్‌రే తీయించుకున్నారు. 1958లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ బృహద్ధమనిలో రంగు మందు ఎక్కించబోతుండగా, గొట్టం జారి కుడి కరోనరీ ధమనిలోకి దూరింది. మందంతా ఆ చిన్న నాళంలోకి పోయింది. రోగి గుండె కొన్ని క్షణాలు ఆగింది, దగ్గించగానే మళ్లీ కొట్టుకుంది. కరోనరీ నాళంలోకి నేరుగా రంగు ఎక్కించినా మనిషి తట్టుకోగలడని అలా తేలింది. కరోనరీ యాంజియోగ్రామ్ పుట్టింది అక్కడే. అదే ఆసుపత్రిలో 1967లో అర్జెంటీనాకు చెందిన రెనే ఫవలోరో కాలి సిరను తీసి పూడికను దాటించే బైపాస్ శస్త్రచికిత్సకు స్థిరమైన రూపం ఇచ్చారు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ 38 ఏళ్ల రోగి ఎల్‌ఏడీలోని పూడికను చిన్న బెలూన్‌తో తెరిచారు. ఛాతీ కోయకుండా కరోనరీ పూడికను విప్పడం అదే తొలిసారి. పదేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఆ నాళం తెరుచుకునే ఉంది. బెలూన్ తీశాక నాళం మళ్లీ మూసుకుపోకుండా లోహపు జాలీని అమర్చే స్టెంట్ 1986లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌లలో మొదలైంది.

భారతదేశంలో తొలి విజయవంతమైన బైపాస్ 1975లో చెన్నైలో కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా జరిగింది. తొలి యాంజియోప్లాస్టీ కూడా చెన్నైలోనే, 1986లో మాథ్యూ శామ్యూల్ కలరికల్ చేశారు. 1990లలో హైదరాబాద్‌లో హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, రక్షణ శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు దొరికే స్టెంట్‌ను రూపొందించారు. కలాం–రాజు స్టెంట్‌గా అది పేరు పొందింది.

ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది

1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 5,209 మంది పెద్దలను ఎంచుకుని, ఏళ్ల తరబడి వారి ఆరోగ్యాన్ని గమనించడం మొదలుపెట్టారు. రక్తపోటు, కొలెస్ట్రాల్, సిగరెట్టు గుండెపోటును ముందే సూచిస్తాయని ఆ పట్టణమే నేర్పింది. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల రోగులను పరిశీలించింది. పొగాకు, చెడు కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తక్కువ తినడం, శారీరక శ్రమ లేకపోవడం, మద్యం అలవాటుకు సంబంధించిన తేడాలు అనే తొమ్మిది అంశాలే తొలి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి కారణమని తేల్చింది. వయసు, వంశ చరిత్ర మనం మార్చలేనివి. ఈ తొమ్మిదీ మార్చగలిగినవి.

అదే అధ్యయనంలో మనకు సంబంధించిన మరో సంగతి బయటపడింది. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చిన నడిమి వయసు 53 ఏళ్లు, ఇతర దేశాల వారికి దాదాపు 59. అంటే సుమారు ఆరేళ్లు ముందే. సన్నగా కనిపించే వ్యక్తికీ పొట్ట దగ్గర కొవ్వు చేరడం, షుగరు త్వరగా రావడం, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తక్కువగా ఉండడం, వంశపారంపర్యంగా లైపోప్రొటీన్–ఎ ఎక్కువగా ఉండడం ఇందుకు దోహదం చేస్తున్నాయి. అందుకే ఆసియా వారికి నడుము చుట్టుకొలత హద్దును మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లుగా తగ్గించారు.

ఇది పట్నాల జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అన్న నమ్మకాన్ని గోదావరి పల్లెలు తప్పని రుజువు చేశాయి. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ బృందం 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది పాటు సంభవించిన ప్రతి మరణాన్నీ నమోదు చేసింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, పోయినవారికి చివరి రోజుల్లో ఏమేం లక్షణాలున్నాయో ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకున్నారు. తేలిందేమిటంటే, మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అందులో గుండెపోటు, పక్షవాతాల వాటా దాదాపు సమానం. అంటువ్యాధుల వల్ల పోయినవారు 12 శాతమే. వరిచేల మధ్య ఊళ్లలోనూ ప్రాణాలు తీసే మొదటి కారణం రక్తనాళాల జబ్బేనని ఇరవై ఏళ్ల కిందటే తెలిసిపోయింది.

గుర్తించడం

ఛాతీ నడిమధ్య బరువు పెట్టినట్టు, పిండేసినట్టు, మంటపెట్టినట్టు ఉండడం ప్రధాన లక్షణం. ఈ బాధ ఎడమ చేతికో, రెండు చేతులకో, మెడకో, దవడకో, వీపుకో, పొట్ట పైభాగానికో పాకవచ్చు. చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం తోడవుతాయి. రోగి వేలితో ఒక చోటు చూపించడం కన్నా, పిడికిలి ఛాతీ మీద ఆనించి చూపించడం ఎక్కువ. షుగరు ఉన్నవారికీ, పెద్ద వయసు వారికీ, ఆడవాళ్లకీ అసలు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వికారం మాత్రమే రావచ్చు. ‘ఇంటి పని ఎక్కువై అలసిపోయింది’ అనుకుని పడుకోబెట్టిన అమ్మకో అత్తకో వచ్చింది గుండెపోటేనని ఆలస్యంగా తెలిసిన ఇళ్లు తక్కువేమీ కాదు.

తెలుగు ఇళ్లలో ఈ నొప్పికి మొదట దొరికే పేరు గ్యాస్. సోడా తాగించడం, వాము నమిలించడం, గ్యాస్ బిళ్ల వేసి తెల్లారేదాకా చూద్దామనడం మామూలు. ఈ పొరపాటు అమెరికా అధ్యక్షుడి విషయంలోనూ జరిగింది. 1955 సెప్టెంబరులో డెన్వర్‌లో విడిది చేసిన ఐసన్‌హోవర్ మధ్యాహ్నం ఉల్లిపాయలు వేసిన హాంబర్గర్ తిని గోల్ఫ్ ఆడారు. కడుపులో బాగాలేదన్నారు. అర్ధరాత్రి దాటాక ఛాతీ నొప్పితో లేస్తే, భార్య అజీర్ణమనుకుని మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఇచ్చారు. పత్రికలకూ మొదట అజీర్ణమనే చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం ఈసీజీ తీశాకే గుండెపోటని ఖాయమైంది. ఆయన వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి కోలుకున్నారు. అంతటి వైద్యం పక్కనే ఉన్న మనిషికే గంటలు చేజారాయి.

పొట్టలో మంటకూ గుండె నొప్పికీ తేడాను ఇంట్లో కూర్చుని తేల్చడం వైద్యులకే కష్టం. అందుకే అనుమానం వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ఆసుపత్రులకున్న నియమం. తొలి ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పలేం. మళ్లీ మళ్లీ తీయాలి. దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి చేరే ట్రోపోనిన్‌ను కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూడాలి. గుండె గోడల కదలిక ఎకో అనే అల్ట్రాసౌండ్ పరీక్షలో తెలుస్తుంది. స్థిరమైన నొప్పి ఉన్నవారికి ట్రెడ్‌మిల్ పరీక్ష (టీఎంటీ), సీటీ యాంజియో వంటివి చేస్తారు. పూడిక ఎక్కడ, ఎంత అన్నది కచ్చితంగా చూపేది యాంజియోగ్రామ్.

చికిత్స

గుండెపోటు చికిత్స లక్ష్యం ఒక్కటే, మూసుకుపోయిన నాళాన్ని వీలైనంత త్వరగా తెరవడం. రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ చేయగల ఆసుపత్రి అందుబాటులో ఉంటే అదే మేలు. లేకపోతే దగ్గరి ఆసుపత్రిలోనే టెనెక్టెప్లేజ్, స్ట్రెప్టోకైనేజ్ వంటి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత పెద్దాసుపత్రికి పంపాలి. ఈ మందు తొలి రెండు మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది, పన్నెండు గంటలు దాటితే దాదాపు ప్రయోజనం ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో స్టెమి కార్యక్రమం కింద చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి నిపుణుల సలహాతో ఈ ఇంజెక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇస్తున్నారు. ఏజెన్సీ ఊళ్లకూ, మారుమూల మండలాలకూ ఇది ప్రాణాధారం.

చౌకైన మందుల విలువ కూడా చిన్నది కాదు. 1988లో ఫలితాలు వెలువడిన ఐసిస్–2 పరీక్షలో 17,187 మంది గుండెపోటు రోగులున్నారు. ఆస్పిరిన్ ఒక్కటే మరణాలను 23 శాతం తగ్గించింది. స్ట్రెప్టోకైనేజ్‌తో కలిపి ఇస్తే 42 శాతం తగ్గాయి. యాంజైనాకు నాలుక కింద పెట్టే నైట్రేట్ బిళ్ల చరిత్ర 1879లో విలియం మరెల్ నైట్రోగ్లిజరిన్‌ను వాడడంతో మొదలైంది. ఇవాళ సార్బిట్రేట్ పేరుతో ఎన్నో ఇళ్లలో ఉండే బిళ్ల ఆ జాతిదే. బీపీ పడిపోయి ఉన్నవారికీ, వయాగ్రా వంటి మందులు వాడినవారికీ అది ప్రమాదం. డాక్టరు చెప్పనిదే పక్కింటివారికి ఇవ్వకూడదు.

స్థిరమైన యాంజైనా విషయం వేరు. పూడిక కనిపించగానే స్టెంట్ వేస్తే ఆయుష్షు పెరుగుతుందని చాలామంది నమ్మకం. 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనాలు దాన్ని సరిచేశాయి. స్థిరంగా ఉన్న రోగుల్లో మందులు సరిగా వాడినవారికీ, మందులతో పాటు ముందే స్టెంట్‌గానీ బైపాస్‌గానీ చేయించుకున్నవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే నొప్పి ఎక్కువగా ఉన్నవారికి స్టెంట్‌తో ఉపశమనం బాగా దొరుకుతుంది. రెండుగా చీలకముందున్న ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారికి, షుగరుతో పాటు మూడు నాళాలూ పూడినవారికి బైపాస్ మేలు చేస్తుంది.

ఖర్చు ఈ జబ్బులో సగం భయం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు గుండె శస్త్రచికిత్సలను అందుబాటులోకి తెచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ ధరలకు కళ్లెం వేసి, మామూలు లోహపు స్టెంట్‌కు 7,260 రూపాయలు, మందు పూత స్టెంట్‌కు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అంతకుముందు లక్ష దాటిన స్టెంట్లు ఉండేవి.

స్టెంట్ వేయించుకున్నా, బైపాస్ అయినా జబ్బు పోయినట్టు కాదు. అవి ఒకటి రెండు చోట్ల దారి తెరుస్తాయి, జబ్బు మాత్రం అన్ని నాళాల గోడల్లోనూ ఉంటుంది. ఆస్పిరిన్ వంటి మందులు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు, అవసరాన్ని బట్టి బీటా బ్లాకర్లు, బీపీ మందులు ఏళ్ల తరబడి వాడవలసిందే. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక శిలీంధ్రంలో కనుగొన్న పదార్థం స్టాటిన్లకు మూలం. ఎల్‌డీఎల్ డెసిలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు ఐదో వంతు తగ్గుతాయి. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్ 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలంటారు. స్టెంట్ వేసిన తొలి నెలల్లో రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు.

నివారణ

దశాబ్దాల పాటు పెరిగే జబ్బును ఆపడానికి దశాబ్దాల వ్యవధి ఉంటుంది. సిగరెట్టు, బీడీ, చుట్ట, ఖైనీ ఏ రూపంలోనైనా పొగాకు మానడం అన్నిటికన్నా పెద్ద అడుగు. మానేసిన ఏడాదికే పొగ వల్ల పెరిగిన గుండె జబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది. ముప్పై దాటినవారు ఏటా బీపీ, షుగరు చూపించుకోవాలి, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవాలి. ఈ మూడింటికీ నొప్పి ఉండదు కాబట్టి పరీక్షే దారి. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడవాలి.

వంటింట్లో మార్చవలసినవి మనకు తెలిసినవే. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఊరగాయ, అప్పడం, వడియాలు, మజ్జిగ మిరపకాయలు కలిసిన భోజనంలో అది ఒక్క పూటకే దాటిపోతుంది. పళ్లెంలో తెల్లన్నం తగ్గి పప్పు, ఆకుకూర, కూరగాయలు పెరగాలి. బజ్జీల బాండీలో మళ్లీ మళ్లీ కాగిన నూనెకు దూరంగా ఉండాలి. వనస్పతి, బేకరీ సరుకుల్లోని ట్రాన్స్ కొవ్వును 2022 జనవరి నుంచి మనదేశంలో 2 శాతానికి పరిమితం చేశారు.

ఇన్ని చేసినా నొప్పి రావచ్చు. ఛాతీలో బరువు, చెమటలు కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే అది గ్యాసో కాదో తేల్చుకోవడానికి ఆగకండి. 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించవద్దు, బండి నడపనివ్వవద్దు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం సమస్య ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల దాకా ఆస్పిరిన్ నమిలి మింగించవచ్చు. ఈసీజీ తీయగల ఆసుపత్రికే తీసుకెళ్లండి. మనిషి స్పృహ తప్పి శ్వాస ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. ఈసీజీలో ఏమీ లేదని తేలితే పోయేది ఒక రాత్రి నిద్ర మాత్రమే.